బొటనవేలికి ముప్ఫై శాతం

1923 నాటి కార్మిక పరిహార చట్టం చివర ఒక పట్టిక ఉంది. చేతి బొటనవేలు మొత్తం పోతే సంపాదించే శక్తిలో 30 శాతం పోయినట్టు. ఒక కన్ను పోయి రెండోది బాగుంటే 40 శాతం. రెండు చేతులూ పోతే నూటికి నూరు. 1948లో వచ్చిన ఈఎస్‌ఐ చట్టం కూడా ఇంచుమించు ఇదే పట్టికను వెంట పెట్టుకుని 2025 దాకా నడిచింది. కర్రను ముక్కలు చేసే చిప్పర్లు, తడి కాగితాన్ని ఆరబెట్టి నునుపు చేసే రోళ్లు రాత్రింబగళ్లు తిరిగే కాగజ్‌నగర్‌లో ఇది వకీళ్ల బీరువాలో పడి ఉండే కాగితం కాదు. 1942లో సిర్పూర్ పేపర్ మిల్లులో ఉత్పత్తి మొదలైనప్పటి నుంచి ఊరికి కూడు పెట్టింది ఆ యంత్రాలే.

ఆ పట్టిక రాసినవాణ్ని కఠినాత్ముడని తిట్టడం సులువు. నేను తిట్టను. వేలికి వెల కట్టకపోతే యజమాని అసలేమీ ఇవ్వడు. వెల కట్టలేనిదని చేతులు జోడించి ఊరుకోవడం ఎంత సొగసుగా ఉంటుందో, వేలు పోయినవాడికి అంత చేటు. లెక్క వేయడమే న్యాయానికి తొలిమెట్టు. కానీ లెక్క మొదలైందంటే ఎక్కడో ముగియాలి కూడా. ఆ ముగింపు దగ్గరే నాకు పేచీ.

సైన్యానికీ ఇలాంటి లెక్కే ఉంది. గాయమో జబ్బో నౌకరీ వల్ల వచ్చిందా, లేక ముందే ఉన్నది నౌకరీలో ముదిరిందా అని మెడికల్ బోర్డు తేల్చాలి. వైకల్యం 20 శాతానికి తగ్గకూడదు. ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది: చేరేటప్పుడు రికార్డులో ఏ జబ్బూ రాయకపోతే ఆ జవాను ఆరోగ్యంగానే చేరాడనుకోవాలి, కాదని రుజువు చేయాల్సిన భారం సర్కారుదే. ఇంకో ఉదారత కూడా ఉంది. గాయంతో ఇంటికి పంపేసిన జవానుకు 30 శాతం వస్తే దాన్ని 50గా, 60 వస్తే 75గా పెంచి లెక్కిస్తారు. మిల్లులో పోయిన బొటనవేలు మాత్రం 30 దగ్గరే ఆగుతుంది.

ఇప్పుడొక ఊహ. కాగజ్‌నగర్‌లో పక్కపక్కనే రెండు ఇళ్లు. పేర్లు పెట్టను, పెడితే ఎవరో ఒకరు ఫలానా వాళ్లేనని వెతుకుతారు. ఒకాయన కశ్మీర్‌లో ఆపరేషన్‌కు వెళ్లి మందుపాతర మీద అడుగేసి మోకాలి కింది భాగం పోగొట్టుకున్నాడు. పక్కింటాయన మిల్లులో రోలు కింద చేయి పెట్టి బొటనవేలు పోగొట్టుకున్నాడు. ఇద్దరికీ ఒక్కో ఆడపిల్ల. ఇద్దరూ ఒకే కాలేజీలో ఇంటర్ చదివారు, ఎప్‌సెట్ ర్యాంకులు దగ్గరదగ్గరే.

జవాను బిడ్డకు సైనిక కుటుంబాల పిల్లల కోటా కింద 2 శాతం సీట్లలో పోటీ పడే వీలుంది. ఫీజుకు ఇంకా పాతదొక ఆసరా ఉంది. 1971 యుద్ధం డిసెంబరు 16న ముగిసింది. రెండు రోజుల తర్వాత, 18న, లోక్‌సభలో ప్రకటన వచ్చింది: చనిపోయిన, ఆచూకీ లేకుండా పోయిన, శాశ్వతంగా వికలాంగులైన సైనికుల పిల్లల చదువు ఖర్చు సర్కారే భరిస్తుందని. యుద్ధం గెలిచిన వేడిలో పుట్టిన మాట అది. అందుకే అందులో బేరం కనబడదు. దాంతోపాటు 2006-07లో ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ కూడా వచ్చింది. మాజీ సైనికుల పిల్లల్లో ఏటా 5,500 మందికి, అమ్మాయిలకైతే నెలకు 3,000, అబ్బాయిలకైతే 2,500.

పక్కింటి పిల్లకు ఇవేవీ లేవు. తండ్రికి ఈఎస్‌ఐ నుంచి పోయిన వేలి లెక్కన నెలనెలా ఏదో వస్తుంది, బతికినంత కాలం వస్తుంది. కానీ అది ఆయన వేలికి, ఆమె చదువుకు కాదు. ఆమెకున్నది 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్. బీసీ అయితే, ర్యాంకు పదివేలు దాటితే, ఇంజినీరింగ్‌కు 35,000 వరకే. మిగతాది ఇంట్లోంచి. ఆ వచ్చేదైనా సర్కారు నుంచి కాలేజీకి ఎప్పుడు చేరుతుందో ఎవరూ చెప్పలేరు. బకాయిలు వేల కోట్లకు పెరిగి 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు రాష్ట్రమంతటా తలుపులు మూసుకునే దాకా వెళ్లింది. కోర్సు అయిపోయిన పిల్లలు సర్టిఫికెట్ల కోసం కాలేజీ ఆఫీసు కిటికీ ముందు నిలబడటం తెలంగాణలో ఎవరికీ కొత్త కాదు.

ఇంతవరకు చూస్తే జవాను బిడ్డ అదృష్టవంతురాలు. నాలుగేళ్లు గడవనివ్వండి.

1971 మాట మొదటి డిగ్రీ దాకానే. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌లో పీజీ అంటే ఎంబీఏ, ఎంసీఏ తప్ప మిగతావి ఉండవు. విదేశాల్లో చదివితే అసలే లేదు. అమ్మాయి ఎంటెక్ చేస్తానంటుంది, లేదా ఇంజినీరింగ్ తనకు పడలేదని తెలుసుకుని లా చదువుతానంటుంది. ఇరవై ఒక్క ఏళ్లకు మనసు మారడం నేరమేమీ కాదు. తండ్రి పెన్షన్ ఏడాదికి రెండు లక్షలు దాటిందా, పట్టణంలో బీసీలకున్న ఆదాయ పరిమితి మించినట్టే. కాలికి వచ్చే పైసలే బిడ్డ ఫీజుకు అడ్డం. ఇక మిగిలింది బ్యాంకు. ఏడున్నర లక్షల దాకా తనఖా లేకుండా ఇచ్చే విద్యారుణం ఉంది. దాని మీద తండ్రి సహ రుణగ్రహీతగా సంతకం పెట్టాలి.

ఆ సంతకం దగ్గర కాసేపు ఆగుదాం. మొన్నటిదాకా దేశం ఆయనకు రుణపడి ఉంది. ఇప్పుడాయన బ్యాంకుకు రుణపడ్డాడు. కాలు మాత్రం ఎక్కడ పోయిందో అక్కడే ఉంది. గాయానికి గడువు లేదు, గాయానికిచ్చిన మాటకు గడువుంది. ఇది ఎలా న్యాయమవుతుంది?

సర్కారు తరఫు వాదన కొట్టిపారేసేది కాదు. గడువు లేని మాట ఏ ఖజానా ఇవ్వలేదు. మొదటి డిగ్రీ అన్నది ఒక మర్యాదైన గీత, దాంతో పిల్ల తన కాళ్ల మీద తాను నిలబడగలదు. ఇదంతా ఒప్పుకుందాం. కానీ ఒకసారి గీయడం మొదలుపెడితే గీత ఎటు జరుగుతుందో కూడా చూడాలి. 2017లో ఏడో వేతన సంఘం సిఫార్సుల తర్వాత ఇదే పథకానికి నెలకు 10,000 రూపాయల పరిమితి పెట్టారు. నలభై ఆరేళ్లు లేని పరిమితి. అప్పటి నౌకాదళాధిపతి అడ్మిరల్ సునీల్ లాంబా ఆ పరిమితి ఎత్తేయమని రక్షణ మంత్రికి లేఖ రాశారు. గొడవైంది. 2018 మార్చిలో ఎత్తేశారు. మంచిదే. అయినా నాకు ఇప్పటికీ అంతుపట్టనిది ఒకటుంది: యుద్ధం ముగిసిన రెండో రోజు ఎవరికీ తట్టని బేరం, శాంతి కాలంలో ఒక వేతన సవరణ ఫైలులో అంత తేలిగ్గా ఎలా తట్టింది? కృతజ్ఞత కూడా వయసు మీదపడే వస్తువేనా?

అమెరికాలో ఈ లెక్కను నెలలు, రోజుల దాకా లాగారు. అక్కడ 1944 జూన్ 22న రూజ్‌వెల్ట్ సంతకం చేసిన జీఐ బిల్లు యుద్ధం నుంచి తిరిగొచ్చిన లక్షల మందిని కాలేజీకి పంపింది. చట్టం అందరిదీ అయినా నల్లజాతి సైనికులకు చాలాచోట్ల ఆ తలుపు మూసే ఉంచారు, అది వేరే కథ. తర్వాత తరాల చట్టాలు 36 నెలలు, మొత్తం మీద 48 నెలలు అంటూ కొలతలు పెట్టాయి. జేమ్స్ రుడిసిల్ అనే సైనికుడు మూడు విడతలుగా ఎనిమిదేళ్లకు దగ్గరగా పనిచేశాడు, ఇరాక్‌లో గాయపడ్డాడు. యేల్ డివినిటీ స్కూల్లో చదివి సైన్యంలోనే చాప్లిన్‌గా, అంటే సైనికుల మతగురువుగా, తిరిగి చేరాలనుకున్నాడు. పాత పథకం కింద అప్పటికే 25 నెలల 14 రోజులు వాడుకున్నాడు. నీకిక 10 నెలల 16 రోజులే అన్నది మాజీ సైనికుల శాఖ. కాదు, 22 నెలల 16 రోజులు అన్నాడు ఆయన. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2024 ఏప్రిల్ 16న ఏడుగురు న్యాయమూర్తులు ఆయన వైపు, ఇద్దరు శాఖ వైపు నిలిచారు. ఆయన గెలిచాడు. అయితే అంత పెద్ద కోర్టు తేల్చింది 36 కాదు 48 అని. అసలు 48 ఎందుకన్న ప్రశ్న దాని ముందుకు రాలేదు, రావడానికి వీల్లేదు కూడా. కోర్టులు చట్టంలో ఉన్న కొలతను చదువుతాయి, కొలతకు కారణం అడగవు. వైకల్యం పూర్తిగా శాశ్వతమని తేలిన సైనికుడి పిల్లలకు అక్కడ ఇచ్చే సాయం కూడా ఒకప్పుడు 45 నెలలు, 2018 ఆగస్టు నుంచి కొత్తవాళ్లకు 36. ఆ తొమ్మిది నెలలు ఎవరి గాయం నుంచి తీసేశారో!

ఇలా అంటున్నంతసేపు నేను జవాను బిడ్డ పక్షానే మాట్లాడుతున్నాను. గడువు తీసేయండి అంటున్నాను. కానీ గడువు తీసేస్తే సరిపోతుందా? ఇక్కడే నాకు అడుగు తడబడుతుంది.

మన బొగ్గు గనుల దగ్గరకు వెళ్దాం. బెల్లంపల్లి, మందమర్రి, గోలేటి, ఇవన్నీ కాగజ్‌నగర్‌కు దూరమేమీ కాదు. సింగరేణిలో కార్మికుడు ఇక గనిలో దిగలేడని మెడికల్ బోర్డు తేల్చితే ఆయన స్థానంలో కొడుకునో బిడ్డనో తీసుకుంటారు. వారసత్వ ఉద్యోగమనేది దాని పాత పేరు. 1990ల చివర ఆగింది, తెలంగాణ వచ్చాక మళ్లీ తెద్దామంటే 2017లో కోర్టు కొట్టేసింది, ఆ మీదట కారుణ్య నియామకమనే పేరుతో తిరిగొచ్చింది. ఎన్ని ఇళ్లలో దీపం పెట్టిందో లెక్కలేదు. ఆ మాట ఎంత నిజమో ఇదీ అంతే నిజం: తండ్రి ‘అన్‌ఫిట్’ కావాలని ఇల్లంతా ఎదురుచూసే రోజులను కూడా అదే తెచ్చింది. ఊపిరితిత్తుల్లో ఉన్న బొగ్గు ధూళి ఆస్తి అయింది, వీలునామాలో రాసుకునేంత ఆస్తి. కన్నకొడుకు తండ్రి దగ్గును ఆశగా వినే పరిస్థితి తెచ్చిన వ్యవస్థను దయగలదనాలా, ఇంకేమైనా అనాలా?

ఏకలవ్యుణ్ని మనం తలుచుకోక తప్పదు. వేలు ఇచ్చింది విద్య కోసం కాదు, విద్య వచ్చేశాక. గురువు నేర్పనే లేదు, దక్షిణ మాత్రం అడిగాడు. ఇప్పుడు ఆదివాసీ పిల్లల కోసం కేంద్రం నడిపే గురుకులాలకు ఏకలవ్య పేరే పెట్టారు, మన పాత ఆదిలాబాద్ అడవుల్లోనూ ఉన్నాయి. పేరు పెట్టినవాళ్లకు ఆ కథ మొత్తం గుర్తుందో లేదో. మన ఊహలోని రెండు ఇళ్లలో కథ కొంచెం మారింది: అంగం తండ్రిది, విద్య బిడ్డది. మారకం మాత్రం అదే.

సాయంత్రం ఆ జవాను ఇంట్లో ఇలాంటి మాట పుట్టొచ్చు. “బాపూ, అవి నీ కాలు పైసలు. నా సదువుకెందుకు పెడ్తవ్?” “నాకు లేకుంటేంది బిడ్డా, నీకు ఉన్నయ్ గదా.” తండ్రి ప్రేమకు అది చాలు. దేశానికి చాలదు. ఆ పిల్ల చదువుకోవడానికి ఒక కాలు ఎందుకు అడ్డుపెట్టాల్సి వచ్చిందని అడిగేవాడు ఆ ఇంట్లో లేడు, ఆఫీసులోనూ లేడు.

నాకు తోచేది ఇది. ఇక్కడ రెండు అప్పులున్నాయి. గాయం తాలూకు అప్పు గాయపడినవాడిది. మంచి కృత్రిమ కాలు, వైద్యం, గౌరవంగా బతికే పెన్షన్, చేయగల పని. దానికి ముగింపు ఆయన ఊపిరితోనే. చదువు తాలూకు అప్పు ఆ పిల్లది. ఆమె ఎవరి బిడ్డ అయినా, తండ్రికి రెండు కాళ్లున్నా, పది వేళ్లున్నా, ఆమెకు రావలసిందే. ఈ రెండింటినీ ఒకే ఖాతాలో కలిపేశాం. కలిపేసరికి రెండూ చిక్కిపోయాయి. తండ్రికిచ్చేది బిడ్డ డిగ్రీతో ముగిసినట్టు కనబడుతుంది. బిడ్డకిచ్చేది తండ్రి గాయం లేకపోతే లేనట్టే అవుతుంది.

గాయమే అర్హత అయినచోట గాయాల్లోనూ వరుస వస్తుంది. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ క్రమంలో పోరులో చనిపోయినవాళ్ల పిల్లలు ముందు, పోరులో అంగవైకల్యంతో ఇల్లు చేరినవాళ్ల పిల్లలు తర్వాత, చివరికి మామూలు మాజీ సైనికుల పిల్లలు. 2020 జూన్‌లో గల్వాన్‌లో నేలకొరిగిన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 కోట్లు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం, ఆయన భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. ఇవ్వాల్సిందే, ఎవరూ లెక్క అడగకూడని చోటు అది. నేను అడిగేది బతికి వచ్చినవాడి సంగతి. అమరుడి చితి దగ్గర రాజ్యానికి మాటలు దొరుకుతాయి. ఊతకర్రతో తిరిగొచ్చిన మనిషి రోజూ కనబడతాడు, పెన్షన్ ఆగకుండా ఉండేందుకు ఏటా బతికే ఉన్నానని సర్టిఫికెట్ ఇస్తాడు, ముసలివాడవుతాడు, విసుగు తెప్పిస్తాడు. ఆయన మీద ఉపన్యాసం కుదరదు.

ఇక ఏ పట్టికలోనూ లేని గాయాలున్నాయి. కాగజ్‌నగర్‌కు అవి బాగా తెలుసు. సర్‌సిల్క్ మిల్లు మూతబడి నలభై ఏళ్లు, కాలనీ పేరు మిగిలింది. 2014 సెప్టెంబరులో పేపర్ మిల్లు ఆగింది. జేకే పేపర్ చేతికి వచ్చి మళ్లీ తెరుచుకున్నది 2018 ఆగస్టులో. నాలుగేళ్లు. సరిగ్గా ఒక బీటెక్ కాలం. మిల్లు ఆగిన ఏడాది ఫస్టియర్‌లో చేరిన పిల్ల మిల్లు తెరిచేనాటికి పట్టా పుచ్చుకుని ఉండాలి. ఆ నాలుగేళ్లు తండ్రికి జీతం లేదు. వేలు తెగలేదు, కాలు పోలేదు, మెడికల్ బోర్డు చూడటానికి ఏమీ లేదు. చదువు మానేసి దుకాణంలో కూర్చున్న పిల్లవాడి నష్టం ఏ శాతమో ఏ చట్టమూ రాయలేదు.

అందుకే అంటాను, చదువును గాయం నుంచి విడదీయమని. కానీ ఈ మాట జవాను ముందు కూర్చుని అంటే ఆయన ఏమంటాడో నాకు తెలుసు. “అందరికీ ఇస్తమన్నది ఎట్లున్నదో చూస్తనే ఉన్నం గద సార్. పక్కింటి పిల్ల సర్టిఫికెట్ ఇంకా కాలేజీలనే ఉన్నది. మాది నాలుగేండ్లకైనా వచ్చింది.” దీనికి నా దగ్గర గట్టి సమాధానం లేదు. సార్వజనీనమైన హక్కు బకాయిగా మారితే, ప్రత్యేకమైన గాయమే పూచీగా మిగులుతుంది. హక్కుల మీద నమ్మకం లేని చోట మనుషులు తమ గాయాలను భద్రంగా దాచుకుంటారు. తప్పు వాళ్లది కాదు.

మన పెద్దలు మనిషి మూడు రుణాలతో పుడతాడన్నారు. దేవ రుణం, పితృ రుణం, ఋషి రుణం. చివరిది తీరేది చదువుతో. ఆ లెక్కలో చదువుకోవడం అంటే బాకీ తీర్చడం, తెలిసినవాళ్ల నుంచి వచ్చిన తెలివిని ముందుకు పంపడం. అట్లాగైతే చదువుకునే పిల్లకు మనం ఏదో ఇస్తున్నామన్న మాటే తలకిందులు. ఈ పాత ఆలోచనను ఎవరెవరికి చదువు నిషేధించడానికి వాడారో తెలిసే చెబుతున్నాను. ఆ నిషేధాన్ని పీకిపారేశాక మిగిలే గింజ మాత్రం పారేయదగింది కాదు.

ఇదంతా రాస్తున్నప్పుడు ఒక సంగతి నన్ను వదలడం లేదు. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్. సైన్యంలో నాలుగేళ్ల నౌకరీ, చివర్లో సేవానిధి పేరుతో ఒక మొత్తం, పెన్షన్ లేదు. నౌకరీలో అంగవైకల్యం వస్తే 100 శాతానికి 44 లక్షలు, 75కి 25, 50కి 15 లక్షలు ఒక్కసారి ఇచ్చి, మిగిలిన కాలానికి జీతం కలిపి పంపేస్తారు. తొలి దళానికి నాలుగేళ్లు నిండేది 2026 చివర. మన జిల్లాల్లో తెల్లవారుజామున గ్రౌండ్లలో పరుగెత్తే పిల్లలకు ఈ అంకెలు నోటికి వచ్చు. అందులో కాలు పోగొట్టుకుని వచ్చే పిల్లవాడికి ఇరవై రెండేళ్లుంటాయి. పెళ్లి కాలేదు, బిడ్డ పుట్టలేదు. బిడ్డ కాలేజీకి వచ్చే నాటికి ఆ పైసలు ఏ ఇంటి గోడల్లోనో, ఏ ఆస్పత్రి బిల్లులోనో కలిసిపోయి ఉంటాయి.

చూస్తే, నేను కోరినట్టే జరిగింది. గాయం ఖాతా వేరు, చదువు ఖాతా వేరు. ఆ పిల్ల తండ్రి కాలు పేరు చెప్పుకోకుండా తన పేరు మీదే ఫీజు అడగాలి. నా వాదన, ఖజానా పొదుపు ఒకే గడప దగ్గర కలుసుకున్నాయి. తేడా ఎక్కడుంది? ఒక ఖాతాను 44 లక్షలతో మూసేశారు, రెండోదాన్ని ఇంకా తెరవలేదు. అది తెరిచే దాకా, 1971 డిసెంబరు నాటి పాత మాటను, దాని అర్హతలు, వరుసలు, మొదటి డిగ్రీ గీతతో సహా, కాపాడుకోమనే ఆ జవానుకు చెబుతాను. వీలైతే ఆ గీతను ఇంకో డిగ్రీ అవతలికి జరపమని అడగమంటాను. పక్కింటాయననూ వెంట తీసుకెళ్లి అడగమంటాను. ఆయన రావడానికి ఒప్పుకుంటాడా, ఒప్పుకున్నా ఏ ఆఫీసుకు పోవాలి అన్నది వేరే సంగతి. మిల్లు కార్మికుడి వేలికీ బిడ్డ చదువుకూ కలిపి జవాబు చెప్పే ఆఫీసు కాగజ్‌నగర్‌లోనే కాదు, హైదరాబాద్‌లోనూ లేదు.